కుంపటి గది బయటే: ఖోబర్ ఇంటి వర్క్‌షాపులకు జాగ్రత్తలు

సౌదీలోని అల్ ఖోబర్‌లో అద్దె విల్లాల్లో ఉండే మనవాళ్లు గేటు పక్క గదినో, మేడ మీది రేకుల షెడ్డునో పనిగదిగా మార్చుకుంటారు. ఒకరు కుట్టుమిషను వేసుకుంటారు, ఒకరు పాత ఫ్యాన్లు విప్పి బాగుచేస్తారు, మరొకరికి చెక్కపని సరదా. హౌస్ డ్రైవరుగా వచ్చిన తమ్ముళ్లకైతే పనిగదీ పడకగదీ ఒక్కటే. వేసవంతా వేడి చొరబడకుండా ఆ గదికి ఉన్న కంతలన్నీ మూసేస్తారు. జనవరిలో రాత్రిపూట పది డిగ్రీల దాకా చల్లబడి, షమాల్ అనే చలిగాలి కొట్టేసరికి, మూసిన ఆ గదిలోనే నిప్పు పెట్టుకుంటారు. ప్రాణాలు పోయేది అక్కడే.

చేయకూడనివి

బొగ్గుల కుంపటిని గదిలోకి తేవద్దు. బయట రాజేసి, పొగ ఆగి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కట్టాక "ఇక ఫర్వాలేదు" అని లోపలికి తెచ్చి, తలుపు కింది సందులో పాత తువ్వాలు కుక్కి పడుకుంటారు. పొగ ఆగినా కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కడుపులో తిప్పడం, ఆ తర్వాత మగత. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. ఒకే గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి మొదలైతే జలుబు అనుకోవద్దు, వెంటనే బయటికి రండి. ఊదు వేసే బొగ్గుకూ ఇదే నియమం.

వేడి రాకుండా థర్మాకోల్ షీట్లను గోడకో రేకుకో అతికించి అలాగే వదిలేయొద్దు. వెల్డింగ్ నిప్పురవ్వ ఒక్కటి చాలు, కరిగి మండుతూ బొట్లు బొట్లుగా రాలుతుంది. దాని నల్లటి పొగలో దారి కనబడదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం కాలినప్పుడు 45 మంది భారతీయుల మృతదేహాలు విమానంలో స్వదేశానికి వచ్చాయి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదుల మధ్య అడ్డుగా పెట్టిన, తేలిగ్గా మండే సరుకు వల్లే పొగ అంత దట్టంగా కమ్మిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. కాబట్టి చవకగా దొరికిందని ఏదిపడితే అది గోడకు కొట్టొద్దు.

థిన్నరు, పెట్రోలు, జిగురు డబ్బాలున్న చోట ఎర్రగా కాలే కాయిల్ హీటరు వద్దు. వాటి ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి హీటరు దాకా వస్తుంది. గ్యాస్ సిలిండరుకు పనిగదిలో చోటే లేదు.

చేయవలసినవి

హీటరు పెట్టే ముందు సాకెట్ ఎన్ని వోల్టులదో చూడండి. సౌదీలో పాత ఇళ్లలో 127, 220 రెండు రకాల కరెంటూ ఉంటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల హీటరు 127 సాకెట్‌లో పెడితే మూడో వంతు వేడి కూడా రాదు. హీటరు పాడైందనుకుని ఇంకోటి తగిలిస్తారు, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద భారం పెరుగుతుంది. 127 వోల్టుల హీటరు 220లో పెడితే ఇంకా ప్రమాదం: మూడు రెట్ల వేడి పుట్టి కాలిపోతుంది. హీటరును ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. కాయిల్ కనబడని ఆయిల్ హీటరు మేలు. అదైనా బట్టలకు, రంపపు పొట్టుకు మీటరు దూరంలో ఉండాలి.

గోడలకు, పైకప్పుకు థర్మాకోల్ బదులు రాక్‌వూల్ వాడి, దాని మీద జిప్సం బోర్డు బిగించండి. రాక్‌వూల్ మండదు. కోసేటప్పుడు మాస్కు, చేతొడుగులు తప్పనిసరి. ఇంటి యజమానిని ముందే అడగండి.

తేమ సంగతి ఖోబర్‌లో ప్రత్యేకం. ఆనుకునే ఉన్న దహ్రాన్‌లో 2003 జులై 8న డ్యూ పాయింట్ 35 డిగ్రీలు నమోదైంది. అంటే 35 డిగ్రీల వేడి ఉన్న వస్తువు మీద కూడా నీళ్లు పేరుకుంటాయి. అలాంటి గాలి ఏసీ గది గోడలోకి దూరితే లోపలే నీరై రాక్‌వూల్‌ను నానబెడుతుంది, వైర్ల జాయింట్లకు తేమ పడుతుంది. అందుకే తేమను ఆపే ప్లాస్టిక్ షీటు ఇక్కడ గోడకు బయటివైపు ఉండాలి. చలిదేశాల వీడియోలలో లోపలివైపు వేస్తారు, అది చూసి చేయొద్దు.

ఎంత గట్టిగా మూసినా గాలి వచ్చేందుకు కింద ఒక కంత, పోయేందుకు పైన ఒక కంత తప్పక ఉంచండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ కొనండి. తలుపుకు లోపలి నుంచి తాళం వేయొద్దు. ఎవరైనా స్పృహ తప్పితే గదిలోనే కూర్చుని తట్టి లేపడం కాదు, తలుపు బార్లా తెరిచి బయటికి లాగండి, 911కి ఫోన్ చేయండి. అంబులెన్సుకు 997, సివిల్ డిఫెన్సుకు 998.

విల్లాల్లో ఉండే కుటుంబాలకు ఒక విన్నపం. మీ గేటు పక్క గదిలో డ్రైవరు ఉంటే, డిసెంబరు రాకముందే అతనికి ఒక ఆయిల్ హీటరు, ఒక అలారం కొనిపెట్టండి.