సర్పగంధి నేర్పిన పాఠం

తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం మూతిని వేలితో కాస్త నొక్కి చూడండి. నీరు జోరుగా, దూరంగా చిమ్ముతుంది. గొట్టం లోపలి గోడల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. మన శరీరంలో సన్నని ధమనులు బిగుసుకున్నప్పుడు దాదాపు ఇలాగే జరుగుతుంది. రక్తాన్ని నెట్టడానికి గుండె మరింత శ్రమపడవలసి వస్తుంది.

రక్తపోటును పాదరసపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. పెద్దవారిలో అది సుమారు 120/80 ఉంటుంది. పై అంకె గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె సడలినప్పటి ఒత్తిడి. పలుమార్లు కొలిచినా 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు. సాధారణంగా దీనివల్ల నొప్పి తెలియదు. కాని ఏళ్ళ తరబడి అలాగే ఉంటే గుండె, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వేరులో దాగిన మందు

మన దేశపు అడవులలో సర్పగంధి అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని వేరును పూర్వం పాముకాటుకు, నిద్రలేమికి, ఉన్మాదానికి వాడేవారు. ఆ వేరు రక్తపోటును కూడా తగ్గిస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో కనిపించిన ఫలితాలను ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వెల్లడించిన తరువాత ప్రపంచం దృష్టి ఈ మొక్క మీద పడింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

అది ఎలా పనిచేస్తుంది?

నాడుల కొసలలో అతి చిన్న సంచులు ఉంటాయి. వాటిలో నార్‌అడ్రినలిన్ అనే రసాయనం నిలవ ఉంటుంది. నాడీ సంకేతం రాగానే అది బయటకు వచ్చి ధమనుల గోడలను బిగిస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. రిసర్పిన్ ఈ రసాయనాన్ని సంచులలోకి చేరనివ్వదు. నిలవ తరిగిపోతుంది. బిగించే రసాయనం లేదు కనుక ధమనులు సడలుతాయి, రక్తపోటు దిగుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మెదడులోని నాడులకూ ఇటువంటి సంచులే ఉన్నాయి. రిసర్పిన్ వాటినీ ఖాళీ చేస్తుంది! అందువల్ల మందు వాడిన వారిలో నిద్రమత్తు కనిపించింది. కొందరిని తీవ్రమైన దిగులు ఆవరించినట్లు వైద్యులు గమనించారు. మనసుకూ, మెదడులోని రసాయనాలకూ గల సంబంధాన్ని శోధించడానికి ఈ పరిశీలన తోడ్పడింది. తరువాత ఇంతకంటె మెరుగైన మందులు రావడంతో రిసర్పిన్ వాడకం బాగా తగ్గిపోయింది.

చూశారా! మేలు, కీడు రెండూ ఒకే పని నుంచి పుట్టాయి. కాబట్టి వేరును నూరి సొంతంగా తాగడం ప్రమాదకరం. ఏ వేరులో మందు ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేము.

ఇంకొక మాట. "ఇప్పుడు బాగానే ఉందిరా, ఇక మాత్రలెందుకు?" అని మీ తాతగారు అనవచ్చు. అంకె తగ్గింది మాత్రల వల్లనే. మానేస్తే అది మళ్ళీ పెరగవచ్చు. డాక్టరుగారిని అడగకుండా మాత్రలు ఆపవద్దని ఆయనకు చెప్పండి. ఎందుకో వివరించడానికి రబ్బరు గొట్టం ఉండనే ఉంది కదా!