బలంతో పాటు కదలికా నేర్పుదాం



పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మధ్య తరచుగా వింటున్న ప్రశ్న ఇది: "మావాడు కబడ్డీ సెలక్షన్స్‌కి వెళ్తున్నాడు టీచర్, జిమ్‌లో చేర్పించమంటారా?" బలం పెంచుకోవడం మంచిదే. దండీలు, బస్కీలు మన తాతల కాలం నుంచీ ఉన్నవే. అయితే ఆ బలం ఆటలో పనికి రావాలంటే దానికి ఫంక్షనల్ మూవ్‌మెంట్ ట్రైనింగ్ కూడా తోడవ్వాలి. అంటే ఆటలో శరీరం ఎలా కదులుతుందో అలాంటి కదలికలనే సాధన చేయడం.

తేడా ఎక్కడ?

బస్కీ తీసేటప్పుడు రెండు కాళ్లూ నేలమీదే ఉంటాయి. శరీరం పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. అదే షటిల్ ఆడే అమ్మాయిని గమనించండి. నెట్ దగ్గర పడే షటిల్ కోసం ఒక కాలు ముందుకు చాచి, బరువంతా దాని మీదే వేస్తుంది. మరుక్షణం వెనక్కి రావాలి. కబడ్డీ రైడర్ ఒంటికాలిపై ఆగి, రెండో కాలితో డిఫెండర్‌ని తాకి, ఒళ్లు తిప్పుకుని గీత వైపు దూకాలి.

దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలితే, దాని లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ మీద ఒత్తిడి పడుతుంది. అది తెగితే మళ్లీ ఆడటానికి సాధారణంగా 9 నెలలో, ఏడాదో పడుతుంది. టీనేజ్ అమ్మాయిలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇలాంటి గాయాలను తగ్గించడానికే ఫుట్‌బాల్‌లో ఫిఫా '11 ప్లస్' అనే వార్మప్‌ని తయారు చేయించింది. అందులో 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు. పరుగు, బలం, బ్యాలెన్స్, దూకడం అన్నీ ఉంటాయి. నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిల జట్లపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, ఇది చేసినవారిలో తీవ్రమైన గాయాలు తగ్గినట్టు తేలింది.

ఇంట్లో చూడండి

అద్దం ముందు పిల్లల్ని ఒంటికాలిపై నిలబెట్టి, నెమ్మదిగా కొద్దిగా మోకాలు వంచమనండి. మోకాలు పాదం వైపే ఉందా, లోపలికి వాలుతోందా? ఇది వైద్య పరీక్ష కాదు. సాధన ఎక్కడ కావాలో తెలియడానికి మాత్రమే.

వారానికి 3 రోజులు, వార్మప్ తర్వాత:
• ఒక కాలు ముందుకు వేసి వంగే లంజెస్: ఒక్కో కాలికి 8 సార్లు
• ఒంటికాలిపై నిలబడి బంతి విసిరి పట్టుకోవడం: ఒక్కో కాలికి 20 సెకన్లు
• చిన్న మెట్టు మీద నుంచి చప్పుడు కాకుండా దూకి దిగడం: 5 సార్లు
• ప్లాంక్: 20 సెకన్లు

ఆ తర్వాతే దండీలు, బస్కీలు. వాటిని మానాల్సిన పనిలేదు.

రెండు మాటలు గుర్తుంచుకోండి

బరువులెత్తితే పిల్లలు ఎత్తు పెరగరన్నది అపోహ. శిక్షణ పొందిన కోచ్ దగ్గర, పద్ధతి నేర్చుకుని, తక్కువ బరువుతో మొదలుపెడితే భయం లేదు. అయితే ఒక్కసారిగా ఎత్తు పెరుగుతున్న వయసులో కొందరికి తాత్కాలికంగా బ్యాలెన్స్ తగ్గుతుంది. అప్పుడు బరువు పెంచమని తొందరపెట్టకండి.

రెండోది నొప్పి. సెలక్షన్స్ పోతాయేమోనని పిల్లలు మోకాలి నొప్పిని దాచేస్తారు. మీరు తిట్టరన్న నమ్మకం ఉంటేనే చెబుతారు. వాపు ఉన్నా, కుంటుతున్నా ఆట ఆపించి డాక్టర్‌కి చూపించండి. ఈసారి మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కులతో పాటు పీఈటీ సార్‌ని కూడా ఒక్క మాట అడగండి: "మా పిల్లలు దూకి ఎలా దిగుతున్నారు?"