ఆక్సిటోసిన్: కాన్పు హార్మోన్‌కు పార్కిన్సన్స్‌లో పని ఉందా?

కాన్పులో గర్భాశయాన్ని సంకోచింపజేసేది, తల్లిపాలు బయటికి వచ్చేలా చేసేది ఆక్సిటోసిన్. పరీక్షలో చాలామంది మార్కు పోగొట్టుకునే చోటు ఒకటుంది: ఇది తయారయ్యేది హైపోథాలమస్‌లో. పీయూష గ్రంథి వెనుక భాగం దాన్ని నిల్వ చేసి విడుదల చేస్తుందంతే. 9 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌ను ప్రయోగశాలలో సంశ్లేషించిన విన్సెంట్ డు విన్యోకు 1955లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

పార్కిన్సన్స్ వ్యాధిని 1817లో వర్ణించినవాడు లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. ఈ వ్యాధిలో మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రాలో డోపమైన్ కణాలు నశిస్తాయి. ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రొటీన్ ముద్దలు కడుతుంది. ఫలితం వణుకు, బిగుసుకుపోవడం, కదలికల మందగింపు. లెవోడోపా ఆ లక్షణాలను తగ్గిస్తుంది కానీ కణనాశనాన్ని ఆపదు. (మన దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. ప్రశ్న రావచ్చు.)

ఆక్సిటోసిన్‌పై ఆసక్తి పుట్టిందిక్కడే. ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో అది మెదడులోని వాపును, కణాల మరణాన్ని తగ్గించి, డోపమైన్ కణాలను కొంతవరకు కాపాడింది. మనుషుల దగ్గరికి వస్తేనే చిక్కు. ఇంజెక్షన్‌గా ఇస్తే రక్తంలో నిమిషాల్లో విచ్ఛిన్నమవుతుంది. రక్త-మెదడు అవరోధాన్ని దాటేది బహు స్వల్పం. అందుకే పరిశోధకులు ముక్కులో కొట్టే స్ప్రే వైపు చూస్తున్నారు. ‘ప్రేమ హార్మోన్’ అనే ముద్దుపేరు పత్రికలకు బాగుంటుంది గానీ వైద్యానికి ఆధారం కాదు.

పార్కిన్సన్స్‌కు ఆమోదం పొందిన మందుల్లో ఆక్సిటోసిన్ లేదు. ఆప్షన్లలో కనిపిస్తే తొందరపడి గుర్తించకండి.