మెదక్ చర్చిలో బిషప్ కుర్చీ

బాన్సువాడ చుట్టుపక్కల మెదక్ చర్చి చూడనివాళ్లు తక్కువే. గోపురం 175 అడుగులు, కట్టించింది పాస్నెట్ దొర, ప్రారంభం 1924 డిసెంబర్ 25. ఇంతవరకు అందరికీ తెలుసు. కెథీడ్రల్ అంటే బిషప్ కుర్చీ ఉండే చర్చి. తమాషా ఏంటంటే, దాన్ని కట్టిన మెథడిస్టులకు ఇక్కడ బిషప్పులే లేరు! మొదటి బిషప్ రావడానికి ఇంకో 23 ఏళ్లు పట్టింది.

ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. పాతకాలంలో చదువుకి నమ్మకం గురుపరంపరతోనే వచ్చేది. బృహదారణ్యక ఉపనిషత్తులో గురువుల పేర్ల పెద్ద వరుస ఉంటుంది. గ్రీకుల అకాడమీలో ప్లేటో తర్వాత స్పూసిప్పస్, ఆయన తర్వాత జెనోక్రటీస్. మన లింక్డ్ లిస్ట్ లాంటిదే, మధ్యలో ఒక్క నోడ్ పోతే మొదటికి చేరలేం.

క్రైస్తవంలో ఈ వరుసని గట్టిగా వాడింది ఇరేనియస్, సుమారు 180లో. అప్పట్లో నాస్టిక్కులు (నాస్తికులు కాదు, వేరే) మా దగ్గర అపొస్తలుల రహస్య బోధ ఉంది అనేవాళ్లు. ఇరేనియస్ రోమ్ బిషప్పుల పేర్లు లినస్ నుంచి ఎల్యుథెరస్ దాకా పన్నెండు రాసి చూపించాడు. నిజంగా రహస్యం ఉంటే, అపొస్తలులు సంఘాన్నే అప్పగించిన వీళ్లకి చెప్పకుండా ఉంటారా అని ఆయన వాదన. అంటే ఆ లిస్టు అధికారం కోసం కంటే ముందు, బోధ అందరి ముందూ జరిగిందని చూపడానికి. నాకు ఇదే నచ్చింది. తర్వాతి కాలంలో మాత్రం బోధ కన్నా, తలమీద ఎవరు చేతులుంచారన్నదే పెద్ద ప్రశ్న అయిపోయింది.

ఆ ప్రశ్నే మన దగ్గరికీ వచ్చింది. దోర్నకల్ బిషప్ అజరయ్య 1919 నుంచి సంఘాల ఐక్యత కోసం పనిచేశారు. ఆంగ్లికన్లకు బిషప్పుల వరుస ఉంది, మెథడిస్టులకు లేదు. మరి మెథడిస్టు పాస్టర్లు ఇన్నేళ్లు ఇచ్చిన బాప్తిస్మాలు, చేసిన సేవ చెల్లవా? వాళ్లకి మళ్లీ అభిషేకం చేస్తే, చెల్లవని ఒప్పుకున్నట్టే కదా.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. పాత పాస్టర్లు ఉన్నట్టే ఉంటారు, ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే. మెథడిస్టు అయిన ఫ్రాంక్ విటేకర్ మెదక్ మొదటి బిషప్ అయ్యారు. అజరయ్య ఇది చూడలేదు, 1945 జనవరి 1నే చనిపోయారు. నంద్యాల వైపు చాలామంది ఆంగ్లికన్లు ఈ ఏర్పాటు ఒప్పుకోక, కొత్త సంఘంలో చేరకుండా ఉండిపోయారు.