శాప్ కోర్సు కోసం చిట్టీ పాడకండి

చిట్టీ పాడిన డబ్బు జేబులో పెట్టుకుని ఒకాయన వచ్చారు. వెంట బీకాం పాసైన కొడుకు. ‘‘అమీర్‌పేటలో శాప్ ఫైకో చేర్పిస్తున్నా సార్. మా పక్కింటాయన అల్లుడు అదే చేసి అమెరికాలో ఉన్నాడు’’ అన్నారు. అబ్బాయిని ఒక్కటే అడిగాను: సరుకు గేటు దగ్గర దిగింది మొదలు దాని బిల్లు చెల్లించేదాకా కంపెనీలో ఏమేం జరుగుతాయి? వాడు నాన్న మొహం చూశాడు.

శాప్ లాంటి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ అంటే మనవాళ్లకి తెరమీద నొక్కే మీటలు. అసలు సంగతి వేరు. కొనుగోళ్లు, స్టోర్స్, తయారీ, అమ్మకం, పద్దులు ఎవరి పుస్తకం వారిది కాకుండా అన్నీ ఒకేచోట నడవడం. బాలానగర్‌లో ఓ చిన్న వర్క్‌షాపునే తీసుకోండి. విడిభాగాలను ప్లేటింగుకు బయటికి పంపుతారు. అలా జాబ్ వర్కుకు చలాన్ మీద వెళ్లిన సరుకు, గడువు పొడిగింపు లేకుండా, ఏడాదిలోగా తిరిగి రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు జీఎస్టీ చట్టం లెక్కగడుతుంది. ఎన్ని వెళ్లాయో స్టోర్స్ నోటు పుస్తకంలో ఉంటుంది, ఎన్ని వచ్చాయో అకౌంటెంట్ ఎక్సెల్‌లో ఉంటుంది, ఎన్ని తుక్కయ్యాయో మేస్త్రీకి మాత్రమే తెలుసు. ఈ మూడింటినీ ఒక దారికి తెచ్చేవాడి కోసం యజమాని ఎదురుచూస్తున్నాడు. పైగా 2023 ఆగస్టు నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారికి, మరో వ్యాపారికి అమ్మే సరుకుపై ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. చేతిరాత బిల్లులతో గడిచే రోజులు కావివి.

ఈ పనికి అర్హతంటారా, ఏ డిగ్రీ అయినా చాలు.

ఇక కోచింగుల సంగతి. డెమో క్లాసు ఉచితం, ఆపైన అంతా డబ్బే. సంస్థ చేతిలో పెట్టే సర్టిఫికెట్ శాప్ ఇచ్చేది కాదు. ఆ కంపెనీ పరీక్ష వేరే ఉంది, దాని ఫీజూ వేరే. కొన్నిచోట్ల ఇంకా శాప్ పాత వెర్షన్ ఈసీసీ తెరలే చూపిస్తున్నారు. దానికి సాధారణ మద్దతు 2027 చివరితో ఆగిపోతుంది. చేరేముందే అడగండి, నేర్పేది కొత్త వెర్షన్ ఎస్4 హనానా, కాదా అని. అన్నిటికన్నా నాకు ఒళ్లుమండేది ‘‘మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం’’ అనే మాట. దొంగ అనుభవ పత్రం వెరిఫికేషన్‌లో బయటపడితే ఇరుక్కునేది పిల్లాడు, అమ్మినవాడు కాదు. అది తెలిసీ ‘‘అందరూ అదే చేస్తున్నారుగా’’ అనే తల్లిదండ్రులను చూశాను. పక్కింటి అల్లుడితో పోలిక అంతదాకా తీసుకెళ్తుంది.

చిన్న పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించేది టాలీ. అక్కడ మొదలుపెట్టమంటాను. ఆ తర్వాత ముంబయి కంపెనీ ఫ్రాపే తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది. ఓపెన్ సోర్స్, పైసా ఖర్చులేదు. బెల్జియం వాళ్ల ఓడూలోనూ ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ దొరుకుతుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో ఎక్కించడానికి కాస్త కుస్తీ పట్టాలి, పట్టనివ్వండి. వీధి చివరి హార్డ్‌వేర్ షాపు స్టాకు అందులో పెట్టి చూడమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచి ప్రాజెక్టు నాకైతే తెలియదు. పెద్ద కంపెనీలు వాడే శాప్ ఆ తర్వాత నేర్చుకున్నా పోయిందేమీ లేదు.

మొదటి జీతం విని బంధువులు పెదవి విరుస్తారు. విరవనివ్వండి. చిట్టీ డబ్బు బ్యాంకులో వేసి, అబ్బాయిని సోమవారం జీడిమెట్లకో విజయవాడ ఆటోనగర్‌కో పంపండి. స్టోర్స్‌లో అసిస్టెంటు కావాలా అని నాలుగు గేట్ల దగ్గర అడిగి రమ్మనండి.