సంఘం రేడియో – అమ్మల మాటలో ఊరి ముచ్చట

రేడియో అనగానే మనకు ఆకాశవాణి గుర్తుకొస్తుంది. లేదంటే పట్నంలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ప్రైవేటు ఎఫ్.ఎం.లు. ఈ రెండూ కాని మూడో రకం ఒకటుంది. ఒక ప్రాంతం వాళ్లు తమ గురించి తామే మాట్లాడుకునే కమ్యూనిటీ రేడియో. పోటీ పరీక్షలకు చదివే అన్నలకు, అక్కలకు ఇది ఒక బిట్టు కావచ్చు. ఆ బిట్టు వెనక ఉన్నది మాత్రం మన ఇళ్లలోని అమ్మల కథ. అందుకే ఈ సంచికలో దాన్ని పాఠంగా రాస్తున్నాం.

జహీరాబాద్ దగ్గర, ఝరాసంగం మండలంలో మాచనూరు అనే ఊరుంది. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఆ ప్రాంతంలో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పల్లెల్లో మహిళా సంఘాలను కూడగట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. కూలికి పోయేవాళ్లు, ఉన్న కాస్త ఎర్రచెలకలో జొన్న, కొర్ర, సామ, కంది కలిపి పండించేవాళ్లు. 1998లో యునెస్కో సాయంతో మాచనూరులో రికార్డింగ్ గది ఏర్పడింది. మైకు, మిషన్లు వచ్చాయి. ప్రసారం చేసుకునే అనుమతి మాత్రం రాలేదు.

అనుమతి కోసం పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ ఆ స్త్రీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలను క్యాసెట్లలోకి ఎక్కించి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డరు పెట్టి వినిపించారు. విత్తనం ఎట్లా దాచాలి, ఏ కార్తెలో ఏం వేయాలి, పిల్లలకు ఏ ఆకుకూర పెట్టాలి, నాటు వేసేటప్పుడు పాడే పాటలేమిటి, అన్నీ అందులోనే. గాలిలోకి పోని రేడియోను చేతుల్లో మోసుకుని ఊరూరా తిప్పారన్నమాట.

చట్టం సంగతి కూడా చూద్దాం. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. విచిత్రం ఏమంటే ఆ కేసు రేడియో గురించి కాదు, క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం గురించి! అయినా 2002 చివర్లో గానీ ప్రభుత్వం తలుపు కొంచెం తెరవలేదు, అదీ పేరున్న విద్యాసంస్థలకే. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో అవకాశం వచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. ప్రారంభించినది 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ గారే. మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు.

ఇంటర్ ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఒక లెక్క చేసుకోవచ్చు. కాంతి వేగాన్ని 90.4 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 3.3 మీటర్లు. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, గుట్ట అడ్డం వస్తే బలహీనపడతాయి. 2006 నిబంధనల ప్రకారం మామూలుగా ప్రసార శక్తి 100 వాట్లు, స్తంభం 30 మీటర్లు దాటకూడదు. కాబట్టి ఆ గొంతు చుట్టుపక్కల ఊళ్ల దాకే వినపడుతుంది. ఇది లోపమని మేము అనుకోవడం లేదు. వినేవాళ్లకు మాట్లాడే మనిషి ఎవరో తెలుసు, తప్పు చెబితే మరునాడు సంతలో నిలదీస్తారు.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసింది భాష. మనలో చాలామందికి రెండు భాషలున్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే ఒకటి, క్లాసులో సారు లేపితే ఇంకొకటి. ‘గట్ల’, ‘గిట్ల’ అంటే నవ్వుతారేమోనని నోట్లోనే మింగేస్తాం. మాచనూరు స్త్రీలు ఏమీ మింగలేదు. పొలంలో మాట్లాడినట్టే మైకులో మాట్లాడారు. జహీరాబాద్ అటు కర్ణాటకకు అంచు, అక్కడి తెలుగులో ఉర్దూ, కన్నడ మాటలు కలిసిపోయి ఉంటాయి. ఆ తెలుగే ప్రసార భాష అయింది. నిబంధనలు కూడా స్థానిక భాషకు, యాసకే ప్రాధాన్యం ఇమ్మంటాయి. కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి.

అదే నిబంధనల్లో ఒక అన్యాయం కూడా ఉంది. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. పత్రిక రాయవచ్చు, టీవీ 24 గంటలూ చెప్పవచ్చు, పది ఊళ్ల రేడియో చెప్పకూడదట! 2013లో కామన్ కాజ్ సంస్థ ఈ నిషేధంపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. అయితే నీళ్లు, కరెంటు, వాతావరణం, పరీక్షల తేదీలు, అడ్మిషన్లు, ఉద్యోగాల సమాచారాన్ని వార్తల కింద లెక్కించకుండా తరువాత వెసులుబాటు ఇచ్చారు. ఆలోచిస్తే ఊరి బతుకులో సగం ఈ జాబితాలోనే ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడో తెలియక ఒక ఏడాది పోగొట్టుకున్న వాళ్లు మనకు తెలియనివారు కారు.

మన హాస్టల్ రేడియో పెట్టలేదు. దరఖాస్తు చేయాలంటే విద్యాసంస్థో, మూడేళ్లుగా పనిచేస్తున్న రిజిస్టర్డ్ సంస్థో కావాలి. క్యాసెట్ల దారి మాత్రం మనకూ ఉంది. సెల్‌ఫోనులో పదిహేను నిమిషాలు రికార్డు చేసి, ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మైకుకు తగిలిస్తే చాలు. కొన్ని జాగ్రత్తలు కావాలి. ముందు అడిగి, ఒప్పుకున్నాకే రికార్డు చేయాలి. మధ్యలో అందుకోకూడదు. చెప్పిన మాటను దిద్దకూడదు. నీళ్ల ట్యాంకు గురించి ఫిర్యాదు వినిపిస్తే, దానికి వార్డెన్ సారు జవాబు కూడా అదే రోజు వినిపించాలి. లేకపోతే అది కార్యక్రమం కాదు, చాడీ అవుతుంది.

ముందుగా మూడు అనుకున్నాం. తెల్లవారకముందే లేచే మన వంటమనిషి దినచర్య ఒకటి. ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పంచాయతీ కార్యదర్శులుగా ఉన్న అన్నలతో గ్రామసభ గురించి ముఖాముఖి ఒకటి. మూడోది, దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఎవరి అమ్మ మాటలను వాళ్లు రికార్డు చేసుకుని రావడం. ఏం అడగాలో తోచకపోతే, చిన్నప్పుడు ఇంట్లో ఏ గింజలు దాచేవాళ్లో అడగండి. మిగతాది ఆమే చెబుతుంది.