మూసిన తలుపులు, తెరిచిన తలుపులు
('ఫ్రోజెన్' సినిమాపై ఒక పరిశీలన)

బొమ్మల సినిమా అనగానే అది చిన్నపిల్లలదని, అందులోనూ ఇంగ్లీషు మీడియం పిల్లలదని మనలో చాలామంది అనుకుంటారు. పీజీ చదువుతూ ఇవేం సినిమాలని నవ్వేవాళ్లూ ఉన్నారు. కానీ పాటలతో కథ ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి 'ఫ్రోజెన్' మంచి పాఠం. దాన్ని ఎలా చూస్తే అసలు రుచి తెలుస్తుందో మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

సినిమా వివరాలు

డిస్నీ సంస్థ ఈ చిత్రాన్ని 2013లో విడుదల చేసింది. దర్శకులు క్రిస్ బక్, జెనిఫర్ లీ. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో రాసిన మంచురాణి కథ దీనికి ప్రేరణ. పాటలు కట్టింది క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు. 2014లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా, ఉత్తమ పాటకు కలిపి రెండు ఆస్కార్లు వచ్చాయి. 2019 నవంబరులో రెండో భాగం మన దేశంలో తెలుగులోనూ విడుదలైంది. అందులో ఎల్సాకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు మహేష్ బాబు కుమార్తె సితార గొంతు ఇచ్చారు.

కథ

ఎల్సా, ఆనా రాజకుమార్తెలు. పెద్దదైన ఎల్సా చెయ్యి తాకితే మంచు పుడుతుంది. ఒకరోజు ఆటలో ఆ మంచు చెల్లెలికి తగిలి ప్రాణం మీదికి వస్తుంది. భయపడిన తల్లిదండ్రులు కోట తలుపులు మూయించి, ఆ శక్తిని దాచుకోమని పెద్దమ్మాయికి నేర్పుతారు. పట్టాభిషేకం నాడు రహస్యం బయటపడి ఎల్సా కొండల్లోకి పారిపోతుంది. రాజ్యమంతా గడ్డకడుతుంది. అప్పను వెదుక్కుంటూ చెల్లెలు బయలుదేరుతుంది.

రాజకుటుంబంలో తోబుట్టువు ప్రేమ కథ విజయనగరం వాళ్లకు కొత్త కాదు. 1757 బొబ్బిలి యుద్ధానికి వెళ్లవద్దని అన్న విజయరామరాజును వేడుకుని, ఆయన మరణంతో దేవతగా వెలసిందని చెప్పుకునే పైడితల్లమ్మ కథ వింటూనే మనం పెరిగాం. ఏటా దసరా తరువాత సిరిమాను తిరిగేది ఆ తల్లి పేరునే కదా!

పాటల్లో ఏం గమనించాలి?

మన సినిమాల్లో చాలా పాటలు తీసేసినా కథకు లోటు రాదు. ఇందులో పాట తీస్తే కథే తెగిపోతుంది. జముకుల కథ, బుర్రకథ విన్నవాళ్లకు ఈ పద్ధతి తెలుసు. పాటలోనే ఏళ్లు గడుస్తాయి, పాటలోనే యుద్ధాలు జరుగుతాయి. ఈ సినిమా చూసేటప్పుడు పాటపాటకీ తలుపు ఏమవుతున్నదో గమనించండి.

మొదటిది మంచుబొమ్మ పాట. ఆడుకుందాం రమ్మని ఆనా అప్ప గది తలుపు కొడుతుంది. పాట మొదట్లో పసిపిల్ల, మధ్యలో కాస్త ఎదిగిన పిల్ల, చివరికి యువతి. ఈలోగా అమ్మా నాన్నల ఓడ సముద్రంలో మునిగిపోతుంది. చివరకు ఒకే తలుపుకు అటూ ఇటూ ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు. నాలుగు నిమిషాలైనా లేని పాటలో ఇంత కథ ఉంది.

రెండోది పట్టాభిషేకం నాటి పాట. కోట తలుపులు తెరుస్తున్నారని చెల్లెలికి సంబరం, అప్పకు వణుకు. ఒకే పాటలో రెండు మనసులు వినిపిస్తాయి.

మూడోది ఆనా, రాకుమారుడు హాన్స్ కలిసి పాడే పాట. ప్రేమంటే తెరిచిన తలుపు అని ఇద్దరూ మురిసిపోతారు. తరువాత ఆ హాన్సే ఆమెను చలిగదిలో పెట్టి తాళం వేస్తాడు. రెండోసారి చూసేటప్పుడు ఈ పాట వేరుగా వినిపిస్తుంది.

నాలుగోది ప్రపంచమంతా పాడుకున్న 'లెట్ ఇట్ గో'. మొదట ఎల్సాను దుష్టురాలిగా రాసుకున్నారు. ఈ పాట తయారయ్యాక ఆమె మనసు అర్థమై కథనే మార్చుకున్నారు. దాచిందంతా వదిలేసి ఎల్సా మంచుతో మేడ కట్టుకుంటుంది. అందరూ దీన్ని స్వేచ్ఛా గీతం అంటారు. నిజమే. కానీ పాట ముగిసేటప్పుడు చూడండి, ఆ మంచుమేడ తలుపులు ధడాలున మూసుకుంటాయి. ఆమెకు భయం పోలేదు, ఒంటరితనమూ పోలేదు.

ముగింపులో చెల్లెలి గుండె గడ్డకడుతూ ఉంటుంది. నిజమైన ప్రేమ ఒక్కటే దాన్ని కరిగించగలదు. పాత కథల్లోలాగా ఒక యువకుడు వచ్చి కాపాడతాడనుకుంటాం. ఆనా మాత్రం తన ప్రాణం సంగతి వదిలేసి, అప్ప మీదికి లేచిన కత్తికి అడ్డం నిలబడుతుంది. ఆ త్యాగంతోనే మంచు కరుగుతుంది. ఇక మీదట కోట తలుపులు మూయబోమని ఎల్సా చెబుతుంది.

భాష రాకపోతే?

ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. రెండో భాగంలో ఒక తెగను చిత్రించడానికి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తరాన రెయిండీర్లను మేపే సామీ ప్రజల సంస్కృతిని ఆధారం చేసుకున్నారు. ఆ ప్రజల ప్రతినిధులు డిస్నీతో ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం 2019లో సినిమా ఉత్తర సామీ భాషలోకీ వచ్చింది. ఆ భాష మాట్లాడేవారు సుమారు 20,000 మందే. అంతమందికే సొంత మాటలో సినిమా వచ్చిందంటే, మన భాషను చూసి మనం చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు.

మనకు ఏం పాఠం?

ఎల్సా తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. బిడ్డ మేలు కోరే దాచుకోమన్నారు. మనకూ మేలు కోరేవాళ్లు అలాంటి మాటలే చెబుతుంటారు. కొత్త కాలేజీలో హాస్టల్ పేరు చెప్పకు, కులం సంగతి వస్తే మాట మార్చు, మన వైపు యాస బయటపెట్టకు అంటారు. దాచుకుంటూ బతికితే స్నేహితుల మధ్య కూర్చున్నా తలుపు వెనక ఉన్నట్టే ఉంటుంది.

ఉద్యోగం వచ్చి, పట్నం చేరి, ఇక ఇటువైపు చూడకుండా ఉండడం కూడా విముక్తి అనిపించవచ్చు. అది మంచుమేడ లాంటిది. అందంగానే ఉంటుంది గాని అందులో రెండో మనిషి ఉండడు.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వేదిక మీద ప్రసంగించి వెళ్లిపోకండి. కాసేపు పిల్లల గదుల్లో కూర్చోండి. ఏ సబ్జెక్టు కష్టమైందో, ఏ ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదో, ఎవరు చెయ్యందించారో చెప్పండి. చిన్నవాళ్లు అడగడానికి మొహమాటపడితే మీరే ముందు మాట కలపండి. ఆనా అన్నేళ్లూ ఆ తలుపు కొడుతూనే ఉంది.